అద్దె చవకే, ఇల్లు దొరకదు

ముంబయి, బెంగుళూరులతో పోలిస్తే హైదరాబాదులో ఇళ్ళు చవక అనే మాట చాలా ఏళ్ళుగా వింటున్నాం. ఎవరి సంపాదనతో పోల్చి చవక? ఇంట్లో ఒక మగవాడి జీతం ఉంటుందనీ, అది నెలనెలా ఇంటికి చేరుతుందనీ అనుకుని వేసిన లెక్క అది. భర్త వదిలేసిన స్త్రీ, పెళ్ళి వద్దనుకున్న స్త్రీ, నాలుగిళ్ళలో పాచిపని చేసి పిల్లల్ని చదివించుకునే స్త్రీ ఆ లెక్కలో లేరు.

వీళ్ళకు అద్దెకంటే ముందు ప్రశ్నలు అడ్డం పడతాయి. "మీవారేం చేస్తారు?" "ఇంటికి ఎవరెవరు వస్తుంటారు?" "మీరేమిట్లు?" ఈ మూడో ప్రశ్నకు మర్యాదస్తులు పెట్టుకున్న పేరు "శాకాహారులకు మాత్రమే". దళిత స్త్రీకీ, ముస్లిం స్త్రీకీ ఆ బోర్డు అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. అన్నీ దాటి ఇల్లు దొరికినా అది ఎంతవరకు ఇల్లు? అద్దెకున్నవాళ్ళు చనిపోతే శవాన్ని లోపలికి తేనివ్వని ఆచారం తెలంగాణ పట్టణాల్లో ఇంకా ఉంది. రోడ్డు పక్కన టెంటు వేసుకోవాలి, లేదా ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకుపోవాలి. ముట్టు, పురుడు, వైధవ్యం పేరుతో మన శరీరాలకు అంటగట్టిన మైలే ఇది. ఇంటి యజమాని చేతిలో అది గెంటివేసే అధికారంగా మారింది.

చట్టం ఏం చేస్తోంది? సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదని 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం అంది. 2005 సవరణ నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్ళను దాని పరిధి నుంచి తప్పించింది. ఆ డబ్బుకి ఇవాళ నగరంలో ఒక గది దొరకడమే కష్టం. ఏడాది మించిన ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి కనుక చేతికొచ్చేది పదకొండు నెలల కాగితం. బస్తీల్లో చాలామందికి అదీ ఉండదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, నీళ్ళు, కరెంటు ఆపి వేధించకూడదంది. అయితే అది రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. కులం, మతం, ఒంటరితనం చూపించి ఇల్లు నిరాకరించడం గురించి అందులో ఏమీ లేదు.

నన్ను అడిగితే మన చేతిలో ఉన్న పదునైన ఆయుధం 2005 గృహహింస చట్టమే. అద్దె ఇంటిని కూడా అది ఉమ్మడి నివాసంగా గుర్తించింది. 19వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు భర్త చేత వేరే ఇంటికి అద్దె కట్టించవచ్చు. మనోవర్తి మీద చూపే శ్రద్ధలో సగమైనా న్యాయవాదులు దీని మీద చూపరు. ఈలోగా ఒప్పందం తన పేరున ఉన్న భర్త వెళ్ళి "ఖాళీ చేస్తున్నాం" అని యజమానికి ఒక్క మాట చెబితే, ఆమె సామాన్లు వీధిలో పడతాయి.

సొంతింటి పథకాల్లో పట్టా స్త్రీ పేరున ఇవ్వడం మంచి మార్పే, దాని వెనక మన పోరాటమూ ఉంది. కాని కొల్లూరులో డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చిన పాచిపని మనిషి సికింద్రాబాదులో తెల్లారి ఆరింటికి గిన్నెలు తోమాలంటే ఏ బస్సు ఎక్కాలి?

అద్దె ఒప్పందాల మీద భార్య పేరు కూడా ఉండాలని, వివక్షతో ఇల్లు నిరాకరిస్తే శిక్ష ఉండాలని రెండు ప్రభుత్వాలనూ అడగాలి. అప్పటిదాకా, మన కేంద్రాలకు వచ్చే ప్రతి స్త్రీనీ ఆ కాగితం ఎవరి పేరున ఉందో అడగండి. అద్దె ఆమే కడుతుంటే రసీదు ఆమె పేరున రాయించండి.