చీకటి ఉన్నంత మాత్రాన పరిపక్వత రాదు

శాండ్రింగ్‌హామ్ తెలుగు ఇళ్లలో వీడియో గేముల గురించి రెండే తీర్పులు వినిపిస్తాయి. నెత్తురు, దయ్యాలు, కాలహరణం అన్నది పెద్దల తీర్పు. ఇది పెద్దలకోసం అల్లిన గంభీరమైన కథ, ఆడనివారికి అర్థం కాదు అన్నది యువకుల తీర్పు. మొదటివారు ఆటను చూడకుండానే కొట్టివేశారు. రెండవవారు చూశారు గాని చీకటినే లోతు అనుకున్నారు. ఈ తీర్పులను పరీక్షించడానికి దూరం పోనక్కరలేదు. ఈ కోవలో ప్రపంచప్రసిద్ధి పొందిన ‘పాత్ ఆఫ్ ఎగ్జైల్’ ఇదే ఆక్లాండ్ నగరంలో పుట్టింది.

2006లో ఏర్పడిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ దానిని 2013 అక్టోబరులో విడుదల చేసింది. 2018లో చైనాకు చెందిన టెన్సెంట్ ఆ సంస్థలో అధిక వాటాను చేజిక్కించుకున్నది. రెండవ ఆట 2024 డిసెంబరులో ముందస్తు రూపంలో విడుదలైంది. మొదటి ఆట కథ క్లుప్తమైనది. ఓరియత్ ద్వీపాన్ని ఏలే మతాధికారులు తమకు గిట్టనివారిని రేక్లాస్ట్ అనే శాపగ్రస్త ఖండానికి వెళ్లగొడతారు. అక్కడి ఒడ్డున కళ్లు తెరిచిన బహిష్కృతుడే ఆటగాడు.

గుణాలను ముందుగా ఒప్పుకోవాలి. బహిష్కారం ఇక్కడ కేవలం నేపథ్యం కాదు, ఆట నిర్మాణమే దాని మీద నిలిచింది. 2024 వరకు ఈ ఖండంలో బంగారు నాణేలు చెల్లేవి కావు. మారకానికి వాడే గోళాలే ఆయుధాలను మార్చే సాధనాలు కూడా. ఖర్చు చేస్తే ధనం పోతుంది, దాచుకుంటే ఆయుధం మొండిగానే మిగులుతుంది. రాజముద్ర లేని చోట విలువ ఎలా పుడుతుందో ఇంత సులువుగా చూపిన కథనాలు అరుదు. సుమారు 1,300 శక్తుల వృక్షంలో ఎవరి దారి వారే వెతుక్కోవాలి. చరిత్ర అంతా రాతిపలకల మీద, లేఖల్లో, ఆయుధాల కింది ఒకటి రెండు పంక్తుల్లో చెదిరి ఉంటుంది. పగిలిన శాసనాలను జతచేసి రాజవంశాన్ని ఊహించుకొనే చరిత్రకారుని ఆనందమే ఆటగాడికీ దక్కుతుంది. పాలినేషియన్ ఛాయలతో కల్పించిన కరూయి జాతి దాస్యాన్ని చెప్పేటప్పుడు కథ పాలకుల పక్షాన నిలవదు. మావోరీల నేలమీద తయారైన ఆటకు అది చిన్న గౌరవం కాదు.

అసలు తగవు మూడవ అంకంలో మొదలవుతుంది. అక్కడి ప్రతినాయిక పేరు పైటీ, అంటే భక్తి. ఆమె బతికున్న మనుషుల దేహాల మీద ప్రయోగాలు చేస్తుంది. గుడి నేలమాళిగలో శవాల గుట్టలు, నెత్తుటి మడుగులు. ఆటగాడు వాటి నడుమ పరుగెత్తుతూ రాలిన వస్తువులను ఏరుకుంటాడు. ఆ దేహాలలో ఒక్కదానికీ పేరు లేదు, గతం లేదు. నాలుగవ అంకంలో పైటీ వికృతరూపంలో తిరిగి వచ్చి, చివరకు దారి కూడా చూపుతుంది. హంతకికి రెండవ అవకాశం దొరికింది. హతులకు మొదటిది కూడా దొరకలేదు.

ఇదే నగరానికి ఇటువంటి కథ ఒకటి నిజంగానే ఉన్నది. నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో 1966 నుంచి, గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ పూర్వదశ ఉన్న కొందరు స్త్రీలకు ప్రామాణిక చికిత్స ఇవ్వకుండా, వారికి తెలియజేయకుండా, కేవలం గమనిస్తూ వచ్చారు. 1987లో మెట్రో పత్రిక వ్యాసం ఆ సంగతి బయటపెట్టింది. 1988లో సిల్వియా కార్ట్‌రైట్ విచారణ నివేదిక వచ్చింది. 1996లో రోగుల హక్కుల నియమావళి దాని ఫలితంగానే అమలులోకి వచ్చింది. అక్కడ నెత్తుటి మడుగులు లేవు. శుభ్రమైన గదులు, చక్కగా రాసిన కేసు పత్రాలు, అడగని ఒక అనుమతి మాత్రమే ఉన్నాయి. పరిపక్వమైన చీకటి అలా ఉంటుంది. శవాల సంఖ్య పెంచి దానిని తెప్పించబోయిన ఆట గగుర్పాటు దగ్గరే ఆగిపోయింది.

రెండవ లోపం ఇంకా పెద్దది. ప్రతి కొన్ని నెలలకూ కొత్త ‘లీగ్’ వస్తుంది. అందులో చేరాలంటే కొత్త పాత్రతో మొదటినుంచి ఆరంభించాలి. ఏ దెబ్బకు ఏ వస్తువు రాలుతుందో తెలియదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని గింజకోసం పావురం మీటను పొడుస్తూనే ఉంటుందని స్కిన్నర్ ప్రయోగాలు ఏనాడో తేల్చాయి. ఆట ఉచితమే, కాని నిల్వ అరలు, అలంకారాలు కొనుక్కోవాలి. లోపల ఏముందో తెలియని ‘మిస్టరీ బాక్స్’ కూడా అంగడిలో ఉంటుంది. బలాన్ని అమ్మడం లేదన్న సమర్థన నిజమే, అయినా అది పాచికలను అమ్మడానికి సంజాయిషీ కాదు. భారతంలో జూదం ఆడినవాడు అరణ్యానికి పోయాడు. పల్నాటిలో కోడిపందెం ఓడినవారు ఏడేళ్లు ఊరు విడిచారు. ఆ కథలు పందేనికి వెల కట్టి చూపాయి. ఇక్కడ బహిష్కారాన్ని గురించిన కథే పందేన్ని అమ్ముకుంటున్నది.

అయితే పెద్దల తీర్పు గెలిచినట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగ వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ చేరిన మాట నిజం. కాని దానికి ఆటపై అదుపు తప్పాలి, తక్కిన జీవితం వెనుకబడాలి, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవాలి, సాధారణంగా అది ఏడాదిపాటు సాగాలి. రాత్రి రెండు గంటలు ఆడే ప్రతి కుర్రవాడూ రోగి కాడు. న్యూజిలాండ్ చట్టం ప్రకారం వయోపరిమితి ముద్ర ఉన్న ఆటను తక్కువ వయసువారికి అందించడం తల్లిదండ్రులకైనా నేరమే. ఆ ముద్రను చూడకుండా ఆట కొనిచ్చి, తరువాత సంస్కృతి పాడైందని వాపోవడం విమర్శ అనిపించుకోదు.

నవలకు సమీక్షకులున్నారు, సినిమాకు కావలసినంత మంది ఉన్నారు. వందల గంటలు మనసును ఆక్రమించే ఈ కథలకు తెలుగులో విమర్శ లేదు. అందుకే యువకులు ఒంటరిగా మెచ్చుకుంటున్నారు, పెద్దలు దూరంగా తిట్టుకుంటున్నారు. శవాల గుట్ట కనిపించినప్పుడు ‘వీళ్లెవరు?’ అని, పెట్టె తెరవబోయేటప్పుడు ‘దీనివల్ల ఎవరికి లాభం?’ అని అడిగే చదువరి వీరిద్దరి నడుమా కావాలి. ఆ రెండు ప్రశ్నలు నేర్పని ఇంట్లో నిషేధమూ పనిచేయదు, స్వేచ్ఛా పనిచేయదు.