పసుపు నెంబరు ప్లేటుకు గేటు మూయవచ్చునా?

పదవీ విరమణ చేసిన నాడు క్వార్టర్సు తాళాలు అప్పగించి, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో ఏ అపార్టుమెంటులోనో రెండు పడక గదుల ఫ్లాటు కొనుక్కున్న రైల్వే, తపాలా సోదరులు ఎందరో ఉన్నారు. ఫ్లాటుతో పాటు వారిలో అనేకులకు మరొక బాధ్యత కూడ సంక్రమిస్తున్నది. అది ఫ్లాటు యజమానుల సంఘంలో పదవి. లెక్క వ్రాయడం, మినిట్సు పుస్తకం నిర్వహించడం, ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడం తెలిసినవారు గనుక మన పింఛనుదారులను కార్యదర్శులుగా, కోశాధికారులుగా ఎన్నుకోవడం పట్టణాలలో పరిపాటి అయినది. సంతోషమే. అయితే అలాంటి సంఘాలు కొంతకాలంగా చేస్తున్న ఒక తీర్మానం గురించి, దాని క్రింద మన సభ్యుల సంతకాలు కూడ కనిపిస్తుండడం గురించి, ఈ సంచికలో కొంత నిష్ఠురంగా వ్రాయక తప్పడం లేదు.

తీర్మానం ఒకే వాక్యం: "ఆవరణలో కమర్షియల్ వాహనములు నిలుపరాదు." ఊరిని బట్టి మాటలు కొద్దిగా మారవచ్చును. పసుపు ప్లేటు వాహనములకు రాత్రివేళ ప్రవేశము లేదని కొందరు, "నివాస వాతావరణమును కాపాడు నిమిత్తము" అని ఉపోద్ఘాతం చేర్చి మరికొందరు వ్రాస్తున్నారు. పైకి ఇది ఎవరికీ హాని చేయని నిబంధనగానే తోస్తుంది. కాని పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఎవరి బండికి ఉంటాయి? బాడుగకు, సరుకు రవాణాకు రిజిస్టరు చేయించుకున్న బండికి ఉంటాయి. కుళాయిలు బిగించేవాని ట్రాలీ ఆటో, కరెంటు పనివాని చిన్న వ్యాను, పెళ్ళిళ్ళకు వంటలు చేసే కుటుంబం అప్పు చేసి కొన్న బండి, సొంత టాక్సీ నడుపుకునేవాని కారు, మంచినీళ్ళ డబ్బాలు ఇంటింటికి వేసేవాని ఆటో. వీరికి బండి విలాసం కాదు. పనిముట్ల పెట్టె, దుకాణం, గోదాము అన్నీ అదే. చట్టాన్ని మన్నించి, పన్ను కట్టి, పర్మిటు పుచ్చుకుని పసుపు ప్లేటు తగిలించుకున్నవాడు గేటు బయట ఉంటున్నాడు. అదే వ్యాపారాన్ని తెల్ల ప్లేటు కారుతో గుట్టుగా సాగించేవాడు లోపల ఉంటున్నాడు. విద్యుత్ బండ్లకు ఆకుపచ్చ ప్లేటు వచ్చిన తరువాతనైనా ఈ గొడవ తగ్గుతుందనుకున్నవారికి ఆశాభంగమే కలిగినది. ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలుంటే బాడుగ బండి, తెల్ల అక్షరాలుంటే సొంత బండి అని వాచ్‌మన్‌కు నేర్పడానికి ఎంతసేపు పడుతుంది?

మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతం చెబుతాము. పేర్లతో, ఊరితో పని లేదు. తపాలా శాఖలో పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరయిన ఒక సోదరుని పెద్ద కుమారుడు కుళాయిల పని, బోరు మోటార్ల మరమ్మతు చేసుకుని బ్రతుకుతున్నాడు. తండ్రి పేరున ఉన్న ఫ్లాటు దస్తావేజులో ఒక బండికి చోటు స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఇంట్లో కారు లేదు. ఆ చోటులో నాలుగేళ్ళపాటు అతని ట్రాలీ ఆటో నిలిచినది, ఎవరూ కాదనలేదు. కార్యవర్గం మారినది. పది రోజులలో నోటీసు బోర్డు మీద తీర్మానం వెలిసినది. పదకొండవ నాటి ఉదయం ఒక వసతి గృహంలో చెడిపోయిన మోటారు విప్పడానికి బయలుదేరబోయేసరికి బండి చక్రానికి గొలుసు, తాళం ఉన్నాయి. జరిమానా కట్టి, కార్యదర్శి సంధ్య ముగించుకుని క్రిందికి దిగేవరకు నిలబడి తాళం తీయించుకునేసరికి పదకొండు గంటలయినది. అప్పటికి ఆ పని మరొకరికి వెళ్ళిపోయినది. నాటి నుండి అతని బండి రెండు వీధుల అవతల రోడ్డు ప్రక్కన పడుకుంటున్నది. ఒకసారి బ్యాటరీ పోయినది, ఒకసారి పైపు రెంచీలు పోయినవి.

రోడ్డు మీద నిలిపితే మాత్రం నిశ్చింతా? మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను చూడండి. బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆ పైన మనిషి లేకుండ వదిలిన బండిని తరలించడానికి, లేదా చక్రాలు కదలకుండ బిగించడానికి యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చును. రాత్రి 8 గంటలకు బండి ఆపి తెల్లవారి 6 గంటలకు తీసే పనివానికి లెక్క సరిగ్గా 10 గంటలకు వస్తుంది. చక్రం బిగించే ఆ అధికారాన్ని చట్టం పోలీసు అధికారి చేతిలో పెట్టినది గాని, సెల్లారు తాళాలు ఉంచుకునే కార్యదర్శి చేతిలో పెట్టలేదు.

స్థలం చాలదు గనుక ఈ నిబంధన అని కొందరు వాదిస్తున్నారు. కొలిచి చూద్దాము. 2005లో మార్కెట్టులోకి వచ్చిన టాటా ఏస్ చిన్న ట్రక్కు పొడవు సుమారు 3.8 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు. అదే సెల్లారులో ఎవరి అభ్యంతరమూ లేకుండ నిలుస్తున్న ఇన్నోవా కారు పొడవు 4.5 మీటర్లకు పైమాట. కనుక అడ్డం వచ్చినది పొడవు కాదు. ఫ్లాటు కొనదలచి వచ్చినవారి కంటికి ట్రాలీ ఆటో కనబడితే ధర తగ్గుతుందన్న భయమే అసలు కారణం. ఆ మాట మినిట్సులో వ్రాయరు, మెట్ల దగ్గర చెప్పుకుంటారు. అదే కార్యదర్శి నీటి ఎద్దడి వచ్చిన రోజున ట్యాంకరుకు తానే ఫోను చేసి గేటు తెరిపిస్తాడు. కుళాయి కారితే ఆ కుర్రవానినే పిలుస్తాడు. పని కావాలి, పనివాని బండి మాత్రం కంటబడరాదు!

రైల్వే కాలనీలలో పెరిగినవారికి ఈ పట్టింపు వింతగా తోచాలి. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి డ్రైవరును, గార్డును డ్యూటీకి లేపేవాడు. ఆ చప్పుడుకు ప్రక్క క్వార్టరులో పసిపిల్లలు లేచేవారు. దానిని ఉపద్రవమని ఎవరూ అర్జీ పెట్టలేదు. బండి నడవాలంటే మనిషి లేవాలని అందరికీ తెలుసును.

ఈ విషయంలో అమెరికా మనకంటె చాలా ముందున్నది. అక్కడి కాలనీలలో గృహ యజమానుల సంఘాలు ఇంటి రంగు మొదలు గడ్డి ఎత్తు వరకు శాసిస్తాయి. మన తెలుగువారు కూడ ఎందరో ఆ కాలనీలలో నివసిస్తున్నారు. నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదని దస్తావేజులలో షరతులు వ్రాసుకునే ఆచారం ఒకప్పుడు అక్కడ విస్తారంగా ఉండేది. అలాంటి షరతులను న్యాయస్థానాలు అమలు జరపరాదని 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1968లో చట్టమే వచ్చి గృహ విక్రయాలలో జాతి వివక్షను నిషేధించినది. పికప్ ట్రక్కుల మీద, పని బండ్ల మీద ఆంక్షలు మాత్రం నిలిచి ఉన్నాయి. అయితే 2024లో ఫ్లోరిడా రాష్ట్రం ఒక చట్టం చేసినది. ఇంటి యజమాని తన ఇంటి ముందరి బాటలో పని బండిని నిలుపుకుంటే సంఘం అడ్డుపడరాదు. 26,001 పౌండ్లు, అనగా సుమారు 11.8 టన్నుల బరువు గలవి, మూడు లేక అంతకు మించి ఇరుసులున్నవి అయిన భారీ బండ్లకు మాత్రమే ఈ రక్షణ లేదు. ఫ్లోరిడా శాసనసభను కార్మిక పక్షపాతి అని ఎవరూ అనరు. అలాంటి సభకే తోచిన న్యాయం మన సెల్లారులలో ఎందుకు తోచడం లేదు? అక్కడ అది ఎవరి బాట వారిది, మన సెల్లారు ఉమ్మడిది, నిజమే. ఉమ్మడిది కాబట్టే అందులో మిగిలినవారికి ఎంత హక్కున్నదో ట్రాలీ ఆటో వానికీ అంతే ఉన్నది.

మన చట్టాలు ఈ చిక్కును సూటిగా తీర్చలేదు, కాని కొంత ఆధారం ఇచ్చినవి. ముంబయిలోని ఒక సహకార గృహ సంఘం వ్యాజ్యంలో 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు, మహారాష్ట్ర చట్టాన్ని పరిశీలించి, భవనం క్రింది పార్కింగు చోట్లు ఉమ్మడి ఆస్తియని, బిల్డరు వాటిని వేరుగా అమ్ముకోజాలడని తేల్చినది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం బహిరంగ పార్కింగు స్థలాలను ఉమ్మడి స్థలాల నిర్వచనంలో చేర్చినది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి ఉన్నదని 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే ఆ హక్కును ప్రభుత్వం మీద నిలబెట్టుకోవడం వేరు, ప్రైవేటు సంఘం మీద నిలబెట్టుకోవడం వేరు. 2005లో ఒక పార్శీ గృహ సహకార సంఘం తన సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసుకున్న నిబంధనను అదే సుప్రీంకోర్టు సమర్థించినది. సంఘాల చేతిలో ఎంతటి అధికారం ఉన్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును. 2001 నాటి మన సొసైటీల రిజిస్ట్రేషను చట్టం 23వ సెక్షను ప్రకారం సభ్యునికి వివాదం వస్తే మధ్యవర్తిత్వానికి పోవాలి, లేదా జిల్లా కోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. ఒక ఆటో చోటు కోసం జిల్లా కోర్టు! అద్దెకున్నవాడు సభ్యుడే కాకపోతే ఆ తలుపు కూడ మూసినట్లే.

ఇక్కడ మన సభ్యులను ఒక ప్రశ్న అడగదలచినాము. రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలు, తపాలా శాఖలో 1965 నాటి సి.సి.ఎస్. నిబంధనలు మనకు కంఠస్థం. ఇంక్రిమెంటు ఒక్కటి ఆపాలన్నా ఆరోపణ వ్రాతపూర్వకంగా ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, శిక్షపై అప్పీలుకు అవకాశం ఉండాలి. ఇవి లేకుండ శిక్ష వేసిన అధికారిని ట్రిబ్యునల్ వరకు ఈడ్చిన చరిత్ర మనది. అలాంటి మన సోదరుడు అపార్టుమెంటు కార్యదర్శి కాగానే ఆరోపణ పత్రం లేకుండ, సంజాయిషీ లేకుండ, తానే ఫిర్యాది, తానే విచారణాధికారి, తానే శిక్షాధికారి అయి ఒక పనివాని చక్రానికి గొలుసు వేయించడం ఏమి న్యాయం?

అవతలివారి ఫిర్యాదులన్నీ కల్పితాలని మేము అనడం లేదు. గ్యాసు సిలిండర్లతోను, పెయింటు తిన్నర్ డబ్బాలతోను నిండిన బండిని నివాసాల క్రింద రాత్రంతా ఉంచడం ప్రమాదకరమే. ఇంజను నూనె కారి నేల జారుడవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఇనుప పైపులు దింపితే రోగులకు, పరీక్షలకు చదివే పిల్లలకు ఇబ్బందియే. వీటికి నిబంధనలు ఉండవలసిందే. అవి బండి కొలతను గురించి, బరువును గురించి, నూనె కారడాన్ని గురించి, సరుకు దింపే వేళలను గురించి, ప్రమాదకరమైన వస్తువులను గురించి ఉండాలి. అప్పుడు అవి తెల్ల ప్లేటు కారుకు కూడ వర్తిస్తాయి. అర్ధరాత్రి హారను మ్రోగించే కారు మన అపార్టుమెంట్లలో తక్కువా?

కార్యవర్గాలలో ఉన్న మన సభ్యులు ఈ తీర్మానాన్ని ముందుగా సర్వసభ్య సమావేశానికి తేవలసి ఉన్నది. నోటీసు బోర్డు మీద అంటించినంత మాత్రాన అది అందరి సమ్మతి పొందినట్లు కాదు. దస్తావేజులో చోటు వ్రాసి ఉన్న కుటుంబం తన జీవనోపాధి బండిని, కొలత లోపల ఉన్నంతవరకు, ఆ చోటులో నిలుపుకోవచ్చునని సవరణ ప్రతిపాదించండి. ఉల్లంఘన జరిగితే వ్రాతపూర్వకమైన నోటీసు, సంజాయిషీకి కనీసం ఏడు రోజుల గడువు, సర్వసభ్య సమావేశానికి అప్పీలు ఉండాలని అందులో చేర్చండి. అద్దెకున్నవారి మాట వినడానికి కూడ ఏర్పాటు చేయండి. గొలుసులు, తాళాలు వెంటనే తీయించండి. మన శాఖలలో చట్టం తెలిసిన సోదరులు సవరణ ముసాయిదా వ్రాయడంలో సహాయపడాలి. అనేక సంఘాలలో వార్షిక సమావేశాలు మార్చి లెక్కలు ముగిసిన తరువాత జరుగుతాయి. ఎజెండాలో అంశం చేర్చమని కోరే లేఖ అంతకు ముందే కార్యదర్శికి అందజేసి, నకలు మీద రసీదు సంతకం తీసుకోవలెను.