షట్టర్ దించే రోజు

ఆదివారం సాయంత్రం శామీర్‌పేట చెరువు దగ్గర కారు ఆపుకోవాలంటే చోటు వెతుక్కోవాలి. అల్వాల్ నుంచి, కొంపల్లి నుంచి, సికింద్రాబాద్ నుంచి జనం పిల్లాపాపలతో వస్తారు. నిప్పుల మీద కంకులు కాల్చే ఆమెకు తలెత్తే తీరిక ఉండదు. అదే రాజీవ్ రహదారి పట్టుకుని తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీ దాకా పోతే లెక్క తిరగబడుతుంది. కంపెనీ ఉద్యోగుల్ని నమ్ముకున్న చాయ్ బండికి ఆదివారం గిరాకీ పలచబడుతుంది, సోమవారం మళ్లీ ఊపిరాడదు. రెండు చోట్లా బతుకు ఆ రోడ్డు మీదే, వారం మాత్రం వేరు.

సొంతంగా పని చేసుకునేవాళ్లకు ‘ఆదివారం ఇంటిపట్టున ఉండండి, ఆరోగ్యం చూసుకోండి’ అని సలహా ఇచ్చేవాళ్లకు ఈ సంగతి తట్టదు. సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది నెల జీతగాళ్లే కావడం వేరే ముచ్చట.

సొంత పని చేసుకునేవాళ్లేమీ కొద్దిమంది కాదు. 2023-24 కేంద్ర కార్మిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధి మీద బతికేవాళ్లే. రైతు, టైలర్, మెకానిక్, సొంత ఆటో నడుపుకునేవాడు, ఇంట్లో కూర్చుని డిజైన్లు చేసిచ్చే అమ్మాయి అందరూ ఆ లెక్కలోకే వస్తారు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం షాపులో పనిచేసే కుర్రాడికి వారానికి 48 గంటల పరిమితి పెట్టింది, ఒకరోజు సెలవిచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం 24 గంటలూ షాపులు తెరుచుకోవచ్చని అనుమతిచ్చినప్పుడు కూడా పనివాళ్లకు వారం సెలవు తప్పదని షరతు పెట్టింది. గల్లా దగ్గర కూర్చున్న ఓనర్ ఎన్ని గంటలు కూర్చున్నాడని మాత్రం ఎవరూ అడగరు. ఒళ్లు అడుగుతుంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35-40 గంటలవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి. పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి దించేవాడు ఆ 55 గంటలు గురువారానికే దాటేస్తాడు.

మరి దారేది? మంగళవారం సెలూన్‌కు వెళ్లి చూస్తే తెలుస్తుంది. చాలావరకు తాళాలే కనిపిస్తాయి. ఆ రోజు జుట్టు కత్తిరించుకోకూడదన్న నమ్మకం నుంచి వచ్చిన ఆనవాయితీ అది. నమ్మకం సంగతి పక్కన పెడితే అందులో మంచి వ్యాపార సూత్రం ఉంది. వీధిలో అందరూ ఒకేరోజు మూస్తారు కాబట్టి పక్క షాపువాడు గిరాకీ ఎత్తుకుపోతాడన్న భయం లేదు. పెరిగిన జుట్టు ఎటూ పోదు, బుధవారం వస్తుంది. ఒంటరిగా పెట్టుకున్న సెలవు రెండు వారాలు నిలిస్తే గొప్ప, కలిసి పెట్టుకున్నది తరాలు నిలిచింది. ఆదివారం సెలవు కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి అడిగి 1890లో సాధించుకున్నది.

అయితే అన్ని పనులూ క్షవరం లాంటివి కావు. కుట్టాల్సిన జాకెట్టు, వెల్డింగ్ చేయాల్సిన గేటు, బాగుచేయాల్సిన మోటార్ రేపటిదాకా ఆగుతాయి. ఇవాళ తాగని చాయ్‌ని రేపు రెండుసార్లు తాగరు. తప్పిన ఆటో సవారీ తప్పినట్టే. కాబట్టి పని ఆగే వృత్తులవాళ్లు కలిసి ఒకరోజు ఎంచుకోవచ్చు, పని ఆగనివాళ్లు గల్లా పలచగా ఉండే రోజును పట్టుకోవాలి. దానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఫోన్‌పేలో నాలుగు వారాల జమలు రోజుల వారీగా కాగితం మీద వేసుకుంటే ఏ రోజు తేలికో కనిపిస్తుంది.

టిఫిన్ సెంటర్‌వాళ్లది ఇంకో చిక్కు. బుధవారం మూశారనుకుందాం. ఆ మధ్యాహ్నమే మినప్పప్పు నానబోయాలి, చీకటి పడ్డాక గ్రైండర్ తిరగాలి, లేకపోతే గురువారం పొద్దునకు ఇడ్లీ పిండి పులవదు. చలికాలమైతే ఇంకా ముందే రుబ్బాలి. అంటే బోర్డు మీద ఒకరోజు సెలవు, చేతికొచ్చేది ఒక పూట. ఆ పూటలోనే బ్యాంకు, ఆసుపత్రి, పిల్లల బడి ఇరికిస్తే మిగిలేది సున్నా. అందుకే సరుకు తెచ్చుకునే రోజు వేరు, లెక్కలు రాసుకునే పూట వేరు, సెలవు వేరు అని ముందే విడగొట్టుకోవాలి. హార్డ్‌వేర్‌వాళ్లకు సరుకు కోసం సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లక తప్పదు, అక్కడ ఆదివారం ఎక్కువ షాపులు మూతే. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలయ్యాక ఆ ప్రయాణానికి ఇంకో దారి దొరికింది. సరుకు కోసం వెళ్లే రోజును సెలవు రోజులో కలిపేసుకోవడం మాత్రం తప్పు.

అసలు అడ్డంకి డబ్బు. డైలీ ఫైనాన్స్ తీసుకున్నవాడి దగ్గరికి సాయంత్రం కాగానే వసూలుకు మనిషి వస్తాడు, షట్టర్ దించినా వస్తాడు. అప్పు తీసుకున్నవాడికి సెలవు సుఖం కాదు, గుబులు. మిగతా ఆరు రోజులూ రోజుకింత పక్కన పెడితే తప్ప ఏడో రోజు గడవదు. అదీ ఏడాది పొడవునా ఒకేలా కుదరదు. ఆషాఢంలో ఖాళీగా కూర్చున్న టైలర్ శ్రావణంలో రాత్రుళ్లు కుడతాడు. ఆషాఢంలో వారానికి రెండు రోజులు, శ్రావణంలో ఒక పూట అని రాసుకుంటే తప్పేమీ లేదు.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఒక్కో వృత్తివాళ్లు కూర్చుని ఒక రోజు ఖాయం చేసుకోవడానికి చాయ్ తాగినంత సేపు చాలు. మిగతాది కొనేవాళ్ల చేతిలో ఉంది. మెకానిక్ షాపు ముందు ‘బుధవారం సెలవు’ అన్న బోర్డు కనిపిస్తే, దాని కిందున్న నంబర్‌కు ఫోన్ చేసి ‘ఒక్క ఐదు నిమిషాల పనే అన్నా’ అనకండి. బండిని గురువారం పొద్దున తీసుకెళ్లండి.