గృహిణీ విజ్ఞానము: జాకీ క్రింది నేల

బండి సంగతి పురుషులు చూచుకొందురని మనము లోపల గూర్చుండు వాడుక కలదు. మొన్నటి శ్రావణమాసమున మాకు గలిగిన యనుభవము ఆ వాడుక మంచిది కాదని తెలిపినది.

మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి గల కారవాను బండిలో బంధువులు మా యింటికి వచ్చిరి. మా యిల్లు అమీరుపేటకును పంజగుట్టకును నడుమ నొక సందులో నున్నది. పేరులోనే గుట్ట గల చోట సమతలము దొరకుట యరుదు. వాకిట నేటవాలుగా సిమెంటు ర్యాంపు. దాని ప్రక్క గొట్టమునకై త్రవ్వి పూడ్చిన మట్టి. బండి వాలియున్నచో పడుకొన్నవారికి నిద్రపట్టదని నాలుగు మూలల జాకీలను దింపి సమము చేసిరి. అందొకటి ఆ మట్టిపై నిలిచెను. రాత్రి వాన కురిసెను. తెల్లవారునప్పటికి ఆ జాకీ జానెడు దిగబడి, బండి గోడవైపు ఒరిగియుండెను. లోపల పసిబిడ్డ నిద్రించుచుండెను. అదృష్టవశమున నెవ్వరికిని దెబ్బ తగులలేదు.

తడి పెరటిలో మంచము వేయునపుడు కోళ్ల క్రింద పలకముక్కలు పెట్టుట మనకు క్రొత్త కాదు. జాకీకిని అదియే న్యాయము. ఒక జాకీపై 900 కిలోల బరువు పడెననుకొనుడు. దాని పాదము 10 సెంటీమీటర్ల చదరమైనచో, చదరపు సెంటీమీటరునకు 9 కిలోల యొత్తిడి కలుగును. క్రింద 30 సెంటీమీటర్ల చదరపు పలక వేసినచో 1 కిలోయే. పలక వంగని మందము గలదై యుండవలెను. పూడ్చిన గుంతపైనను, మురుగుకాలువ మూతపైనను పలకతోనైనను జాకీ నిలుపరాదు. వాన వెలిసిన పిదప మరల చూడవలెను.

ర్యాంపుపై అపాయము వేఱు. హ్యాండుబ్రేకు సాధారణముగా వెనుక చక్రములనే పట్టును. జాకీలు ఆ చక్రములను నేలనుండి లేపినచో బ్రేకు నిష్ఫలమై బండి పల్లమునకు జారును. కావున ముందుగా చక్రములకు పల్లపువైపున అడ్డుదిమ్మలు గట్టిగా పెట్టి, పిమ్మటనే జాకీ దింపవలెను. చక్రములు లేచునంత వాలున్నచో ఆ చోటు విడుచుటయే మేలు. ఎత్తునప్పుడును దింపునప్పుడును లోపల నెవ్వరు నుండరాదు. బిడ్డలను దూరముగా నుంచవలెను. బండి క్రింద దూరనే కూడదు.

ప్రయాణపు సామాను కట్టునపుడు ఊరగాయ జాడీతోపాటు నాలుగు పలకలు, నాలుగు దిమ్మలు చేరినవో లేదో మనమే చూచుకొందము.