పసిగుండెకు ముహూర్తం

“ఆలస్యం అమృతం విషం” అన్నారు పెద్దలు. “నిదానమే ప్రధానం” అన్నదీ ఆ పెద్దలే. ఎక్కడ ఏ మాటను పాటించవలెనో తెలిసికొనుటయే వివేకం. గుండెలో లోపంతో పుట్టిన శిశువు విషయంలో ఈ రెండు మాటలూ సత్యములే. కాని ఏ బిడ్డకు ఏది వర్తిస్తుందో నిర్ణయించవలసినది బంధువర్గం కాదు, పంచాంగం కాదు, చేతిలోని సొమ్ము అంతకన్నా కాదు. ఆ గుండెలోని లోపమే తన ముహూర్తాన్ని తాను నిర్ణయించుకొంటుంది. దానిని గుర్తించి నడచుకొనుటయే మన కర్తవ్యం.

నూరుమంది శిశువులు జన్మిస్తే వారిలో సుమారు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని వైద్యులు చెబుతారు. అట్టివారిలో నాలుగోవంతు మందికి మొదటి సంవత్సరంలోనే చికిత్స అవసరమవుతుంది. కనుక ఇది ఎక్కడో, ఎవరికో వచ్చే అరుదైన జబ్బు కాదు. వారాసిగూడలోనో, పార్సిగుట్టలోనో, మన ఇంటి ప్రక్కనో ఇట్టి బిడ్డ తప్పక ఉంటుంది.

తల్లి గర్భంలో శిశువు ఊపిరి పీల్చదు. అందువలన రక్తం ఊపిరితిత్తులను తప్పించుకొని పోవుటకు గుండె దగ్గర ఒక చిన్న నాళం ఉంటుంది. పుట్టిన కొద్ది దినాలలో అది తనంతట తానే మూసుకొనిపోతుంది. గుండె నుండి వెలువడే రెండు పెద్ద ధమనులు తారుమారైన బిడ్డకు ఆ నాళమూ, గుండె గోడలోని చిన్న ద్వారమూ ప్రాణాధారాలు. ప్రోస్టాగ్లాండిన్ అనే మందుతో ఆ నాళాన్ని కొంతకాలం తెరచి ఉంచవచ్చును. ఈలోగా ధమనులను మార్చి అతికే శస్త్రచికిత్స జరగాలి. మొదటి రెండు మూడు వారాలు గడిస్తే ఎడమ జఠరిక బలం క్షీణిస్తూ వస్తుంది, శస్త్రచికిత్స క్లిష్టమవుతుంది. బ్రెజిల్ దేశపు శస్త్రవైద్యుడు అదీబ్ జతేనే 1975లో ఈ చికిత్సను జయప్రదంగా చేసి చూపినాడు.

మన ఇళ్లలో పదకొండవ దినం పురుడు, ముస్లిం కుటుంబాలలో నలభై దినాల చిల్లా పాటించడం ఆనవాయితీ. తల్లీబిడ్డలకు విశ్రాంతినిచ్చే ఆచారాలను నేను తప్పుపట్టను. కాని పెదవులు నీలిబారిన బిడ్డను “చిల్లా నిండనివ్వండి” అంటూ ఇంట ఉంచుకొంటే, నలభయ్యవ దినానికి గడువే దాటిపోవచ్చును. ప్రాణాన్ని కాపాడే ప్రయాణానికి ఏ ఆచారమూ అడ్డు చెప్పదు.

మరి గుండెలో రంధ్రం అనగానే అందరూ పరుగులు తీయవలసిందేనా? అదీ కాదు. జఠరికల మధ్య గోడలో ఉండే చిన్న రంధ్రాలు అనేకం వాటంతటవే పూడిపోతాయి. పై గదుల మధ్య రంధ్రానికి సాధారణంగా మూడు నాలుగేళ్ల వరకు ఆగవచ్చును. ఇక్కడ నిదానమే ప్రధానం. కాని జఠరికల మధ్య రంధ్రం పెద్దదైతే కథ వేరు. ఆ బిడ్డ పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. రెండవ నెలలో పాలు తాగుతూ ఆయాసపడుతుంది, నుదుట చెమట పడుతుంది, బరువు పెరగదు. అప్పుడే “ఇంత బలహీనమైన పసికందుకు ఆపరేషనా? కాస్త బరువు పెరగనివ్వండి” అన్న సలహా నలువైపుల నుండి వస్తుంది. కాని తిన్నదంతా ఆయాసానికే ఖర్చయ్యే బిడ్డ బరువు ఎట్లా పెరుగుతుంది? గుండె బాగుపడితే బరువు పెరుగుతుంది గాని, బరువు పెరిగితే గుండె బాగుపడదు. అందుకే ఇట్టివారికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలల లోపల శస్త్రచికిత్స చేస్తారు.

ఈ గడువు దాటితే ఏమవుతుందో నేను కళ్లారా చూచినాను. మా వీధిలో ఒక అమ్మాయి ఉండేది. రెండు మెట్లు ఎక్కితే కూర్చుండిపోయేది. గోళ్లు నీలంగా ఉండేవి. పసితనంలో “పెద్దయ్యాక చూద్దాం” అని అందరూ ఆగినారు. పదహారవ ఏట వైద్యుని వద్దకు వెళితే, ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయినవనీ, ఇప్పుడు రంధ్రాన్ని మూస్తే ప్రాణానికే ముప్పు అనీ చెప్పినారు. ఆ తండ్రి వద్ద అప్పటికి డబ్బు ఉన్నది, కాలమే మించిపోయినది.

డబ్బు లేనివారి మాట ఏమిటని అడుగవచ్చును. 2007లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకంలో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సలు ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పథకం పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినారు. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బిడ్డలకు ఉచిత పరీక్షలు జరుగుతున్నవి. కనుక నేడు మనకు ధనం కన్న పెద్ద కొరత సకాలంలో తెలిసికొనకపోవడమే.

దీనికి నా సూచన ఒకటి. పుట్టిన ఇరవైనాలుగు గంటల తరువాత బిడ్డ కుడిచేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి రక్తంలోని ఆక్సిజన్ కొలవాలి. నొప్పి లేదు, సూది లేదు, నిమిషాల పని. అమెరికా ప్రభుత్వం 2011లోనే ప్రతి శిశువుకు ఈ పరీక్ష చేయవలెనని సిఫారసు చేసినది. మన ప్రతి ప్రసూతి గృహంలోను, ఈ పరీక్ష లేకుండా తల్లీబిడ్డలను ఇంటికి పంపరాదన్న నియమం ఉండాలి. ఐతే పెద్ద రంధ్రం వంటి లోపాలు ఈ పరికరానికి చిక్కకపోవచ్చును. అక్కడ పాలిచ్చే తల్లి కన్నే పరికరం. ఆమె “బిడ్డకు ఆయాసం” అంటే నమ్మి, వెంటనే వైద్యునికి చూపించాలి.

విద్యార్థి మిత్రులారా! మన బౌద్ధనగర్‌కు గాంధీ ఆసుపత్రి ఎంతో దూరం లేదు. కాని ఆసుపత్రి దగ్గరగా ఉన్నంత మాత్రాన విజ్ఞానం దగ్గరైనట్లు కాదు. మన కళాశాలకు ఉర్దూ, తెలుగు అనే రెండు నాలుకలున్నవి. పాలు తాగేటప్పుడు ఆయాసం, చెమట, నీలిరంగు, పెరగని బరువు అనే నాలుగు గుర్తులను రెండు భాషలలో ఒకే కాగితంపై అచ్చువేసి, ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో ఇంటింటికీ ఎందుకు పంచరాదు? అచ్చు ఖర్చు భరించి, ఒక పిల్లల వైద్యుని ఆహ్వానించి ఉపన్యాసం ఇప్పించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. ఆ కాగితం చదివి ఒక్క తల్లి రెండవ నెలలోనే బిడ్డనెత్తుకొని వైద్యుని వద్దకు వెళ్లినా, మన చదువు ఆ ఇంటికి ఉపయోగపడినట్లే.