లెక్కలో లేని కీళ్లవాతం: ఇంటింటి సర్వే జరపాలి!

సోరియాసిస్‌తో బతుకుతున్న అన్నలారా, అక్కలారా! వారి కుటుంబ సభ్యులారా!

పొలుసులు రాలితే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తాం. వేలు వాస్తే ఎముకల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. మడమ నొప్పికి చెప్పులు మారుస్తాం. తెల్లారి నడుం పట్టేస్తే పరుపును తిట్టుకుంటాం. ఈ నాలుగూ ఒకే జబ్బు కావచ్చు. దాని పేరు సోరియాటిక్ ఆర్థరైటిస్. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి చర్మం మీద, కీళ్ల మీద పడితే వచ్చే జబ్బు ఇది. అంటువ్యాధి కాదు, ముసలితనపు అరుగుదల అంతకన్నా కాదు. ఎక్కువమందికి 30–50 ఏళ్ల మధ్య, ఇల్లు నడిపే వయసులో మొదలవుతుంది.

ఎంతమందికి ఉంది?

ప్రపంచ దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసి 2019లో వెలువరించిన సమీక్ష ప్రకారం, సోరియాసిస్ ఉన్న ఐదుగురిలో దాదాపు ఒకరికి ఈ కీళ్లజబ్బు ఉంది. ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని 34 చర్మవైద్య కేంద్రాల్లో 949 మంది సోరియాసిస్ రోగులను కీళ్లవాత నిపుణులతో పరీక్ష చేయించారు. 285 మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో 117 మందికి అంతకుముందు ఆ సంగతి ఏ డాక్టరూ చెప్పలేదు! పెద్ద ఆసుపత్రుల్లో చూపించుకుంటున్న వాళ్ల గతే అదైతే, మన ఊళ్లలో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి ఇంజెక్షన్‌తో నెట్టుకొస్తున్న వాళ్ల సంగతేమిటి?

ఆసుపత్రి రిజిస్టరులో గుమ్మం తొక్కినవాళ్ల పేర్లే ఉంటాయి. సంబంధాలు తప్పిపోతాయని ఫుల్‌హ్యాండ్స్ చొక్కా కింద మచ్చలు దాచుకునే కుర్రాడు అందులో ఉండడు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చిందని, వాతం లేదని ఇంటికి పంపించేసిన తల్లి ఉండదు. ఈ జబ్బులో ఆ పరీక్ష సాధారణంగా నెగెటివే వస్తుంది. అందుకే ఊరు మొత్తాన్నీ లెక్కలోకి తేవాలి.

ఇది జరగని పని కాదు

మహారాష్ట్రలో పుణె జిల్లా భిగ్వాన్‌లో 1996లో ఆ పని చేసి చూపించారు. ఆరోగ్య కార్యకర్తలు గడప గడపకూ వెళ్లి 4,000 మందికి పైగా పెద్దవాళ్లను నొప్పుల గురించి అడిగారు. నొప్పి ఉందన్నవాళ్లను డాక్టర్లు పరీక్షించారు. నూటికి 18 మందికి కీళ్ల, కండరాల నొప్పులున్నాయని బయటపడింది. పెద్ద యంత్రాలతో పని పడలేదు, అడిగే మనిషి ఉంటే చాలింది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఓమ్‌స్టెడ్ కౌంటీలో 1966 నుంచి స్థానిక ఆసుపత్రుల, డాక్టర్ల రికార్డులను ఒకచోట కలుపుతున్నారు. కాబట్టే సోరియాటిక్ ఆర్థరైటిస్ కొత్త కేసులు 1970లలో ఏటా లక్షకు 3.6 ఉండగా, 1990లకు 9.8 అయ్యాయని చెప్పగలిగారు. పెరుగుతోందో తగ్గుతోందో తెలిస్తేనే ఎంతమంది డాక్టర్లు కావాలో, ఎన్ని మందులు తెప్పించాలో తేలుతుంది.

నిపుణులకు చూపించుకోవడం ఆలస్యం చేస్తే కీలు ఊరుకోదు. ఆరు నెలలు జాప్యమైనా ఎముక కోసుకుపోవడం, పనిచేసే శక్తి తగ్గడం ఎక్కువవుతాయని ఐర్లండ్ పరిశోధకులు 2015లో తేల్చారు.

ఈ రోజే చూసుకోండి

1. ఎప్పుడైనా కీలు వాచిందా?
2. కీళ్లవాతం ఉందని ఏ డాక్టరైనా చెప్పారా?
3. గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు సన్నటి గుంటలున్నాయా? వెలుతురులో పెట్టి ఒక్కొక్క గోరూ చూడండి.
4. మడమ నొప్పి వచ్చిందా?
5. దెబ్బ తగలకుండానే వేలు మొదలు నుంచి కొస దాకా వాచి నొప్పి పెట్టిందా?

సోరియాసిస్ ఉండి, కనీసం మూడింటికి అవునంటే రుమటాలజిస్టుకు (కీళ్లవాత నిపుణులకు) చూపించుకోండి. మీ అంతట మీరు స్టెరాయిడ్ బిళ్లలు మింగవద్దు. వాటిని ఉన్నట్టుండి ఆపితే సోరియాసిస్ ఒక్కసారిగా విరుచుకుపడవచ్చు.

మా డిమాండ్లు

- బీపీ, షుగర్ కోసం ఇంటింటికీ వచ్చే ఆశా, ఏఎన్ఎంల ఫారంలో ఈ ఐదు ప్రశ్నలూ చేర్చాలి. ముందు జిల్లాకో మండలంలో మొదలుపెట్టాలి.
- ప్రతి సోరియాసిస్ రోగికీ ఏడాదికోసారి కీళ్లు పరీక్షించాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2012లోనే ఈ మాట చెప్పాయి.
- జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా రుమటాలజీ ఓపీ పెట్టాలి.
- రోగుల పేర్లు గోప్యంగా ఉంచి, మండలాల వారీ లెక్కలు జనం ముందు పెట్టాలి.

మీరు చేయాల్సింది

సర్వేకి వచ్చినవాళ్ల దగ్గర జబ్బు దాచకండి. ఒక్కరు దాస్తే లెక్కలో ఒకరు తగ్గుతారు, లెక్క తగ్గితే మందులూ తగ్గుతాయి. ఈ డిమాండ్లు అర్జీగా రాసి, పదిమందితో సంతకాలు పెట్టించి, తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో కలెక్టరేట్ అర్జీల వేదికలో ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. గ్రామసభలో లేచి మాట్లాడండి. అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం, అక్టోబరు 29 ప్రపంచ సోరియాసిస్ దినం. ఆ రెండు తేదీల్లోగా ప్రతి మండలం నుంచీ ఒక అర్జీ చేరాలి!

చర్మాన్నీ కీళ్లనూ కలిపి చూడాలి!
ఇంటింటి సర్వే వెంటనే మొదలుపెట్టాలి!

చదివి పక్కవారికి ఇవ్వండి.

— సోరియాసిస్, కీళ్లజబ్బు బాధితులు, వారి కుటుంబాలు