వినోదయాత్రకు కొలత చిన్నబిడ్డయే

వేసవి సెలవులు సమీపించుచున్న వనగానే మన యిండ్లలో ఇటీవల ఒక చర్చ బయలుదేరుచున్నది. పూర్వ మా చర్చ ఏ అమ్మమ్మగారి ఊరికి, ఏ మేనత్తగారి యింటికి పోవలెనన్న నిర్ణయముతో ముగియుచుండెను. ఇప్పుడు పిల్లలు వినోదవనముల పేర్లు చెప్పి అచ్చటికే పోవలెనని పట్టుబట్టుచున్నారు. వారిని తప్పు పట్టవలసిన పని లేదు. బెంగళూరు, హోసూరు ప్రాంతముల వారికి బిడదివద్ద 2005లో తెరచిన వండర్‌లా ఉన్నది. బరంపురము, గంజాము సీమల వారికి భువనేశ్వరము చెంత అదే సంస్థ 2024లో మరియొకటి నెలకొల్పినది. ముంబయి, పూణేల వారు ఖొపోలివద్ద 2013లో వెలసిన ఇమాజికాకు పోవుచున్నారు. షోలాపురము, బళ్లారి వారిలో పలువురు 1996లో ఏర్పడిన హైదరాబాదు రామోజీ ఫిల్మ్ సిటీ చూచి వచ్చుచున్నారు. పోదలచినవారు ఏ కొలతను బట్టి ఏర్పాట్లు చేసికొనవలెనో ఈ వారము విచారింతము.

సాధారణముగా మనవారు రెండు కొలతలు పెట్టుకొనుచున్నారు. ఒకటి పెద్దపిల్లల ఉత్సాహము, రెండవది టిక్కెట్టు వెల. ఇంత సొమ్ము పోసితిమి గనుక ఒక్క రైడునైనను విడువరాదని ఉదయము మొదలు సాయంకాలము వరకు ఎండలో క్యూలవెంట తిరుగుదురు. మధ్యాహ్న మగునప్పటికి మూడేండ్ల బిడ్డ చంకలో సొమ్మసిల్లును, తల్లి విసుగుకొనును, తండ్రి గద్దించును. సొమ్ము గిట్టినదో లేదో గాని సంతోషము మాత్రము గిట్టదు. మా అభిప్రాయములో కుటుంబమునందు మిక్కిలి చిన్నబిడ్డకు ఏది సరిపడునో అదియే యాత్రకంతటికిని కొలత కావలెను.

ఈ వనములకు మూలపురుషుడని చెప్పదగిన వాల్ట్ డిస్నీ తన కీ ఆలోచన ఎట్లు కలిగినదో స్వయముగా చెప్పియున్నాడు. లాస్ ఏంజెలిస్ నగరమునందలి గ్రిఫిత్ పార్కులో అతని కుమార్తెలు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా తాను బల్లపై ఊరక కూర్చుండవలసి వచ్చినదట. తల్లిదండ్రులును పిల్లలును కూడి ఆనందింపదగిన చోటొకటి ఉండవలదా యని అప్పుడతనికి తోచినదట. 1955 జూలై 17న ఆనహైములో డిస్నీలాండ్ తెరచుటకు ఆ తలంపు కారణములలో ఒకటి. ఇంటివారందరు కూడియుండుట కొరకు పుట్టిన చోట ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కునకు పోయి, అవ్వను సంచులకు కాపలా కూర్చుండబెట్టుట ఏపాటి వివేకము?

ఇక ఎత్తు సంగతి. పెద్ద రైడులవద్ద గీత గీచిన కొలబద్ద యొకటి నిలిపియుందురు. ఆ గీతను అందని బిడ్డను ఎక్కనీయరు. ఇది యజమానుల మొండితనము కాదు. వేగముగా లేచి దిగు బండిలో మనిషిని పట్టియుంచు కడ్డీయు, పట్టీయు ఒక ప్రమాణము గల శరీరమునకు అమర్చబడినవి. అంతకంటె చిన్న శరీరమును అవి గట్టిగా పట్టజాలవు. కుదుపునకు బిడ్డ జారవచ్చును, మెడ దెబ్బతినవచ్చును. అయినను మనలో కొందరు బిడ్డచేత మునివ్రేళ్లపై నిలువబడజేసి కాపలావానిని ఏమార్చ జూచుచున్నారు. మరియొక చిత్రము: చాల చోట్ల పిల్లల టిక్కెట్టు కూడ ఎత్తును బట్టియే. కావున తెల్లవారి టిక్కెట్టు కిటికీవద్ద మోకాళ్లు వంచుమని చెప్పిన తండ్రియే, గంట గడువకమునుపే రోలర్ కోస్టరువద్ద మడమలు లేపుమని చెప్పును. ఒక్క పూటలో బిడ్డ కుదించుకొనిపోయి మరల పెరుగును! కొన్ని వందల రూపాయలు మిగిలినవనుకొందుము గాని, అబద్ధమాడుట ఎట్లో నేర్పి ఇంటికి తెచ్చుకొనుచున్నాము.

దీనికి మందు సులభము. బయలుదేరుటకు వారము ముందే ఇంటి గోడవద్ద బిడ్డను నిలిపి కొలిచి, ఆ వనమువారి ప్రకటన చూచి, ఏవి ఎక్కవచ్చునో ఏవి ఎక్కరాదో బిడ్డకు చెప్పవలెను. ముందు తెలిసిన నిరాశను పిల్లలు సహింతురు. గుంపులో, గేటువద్ద, అన్న లోపలికి పోవుచుండగా తెలిసిన నిరాశను సహింపలేరు. పెద్దరైడు ఎక్కవలెనన్న తల్లిదండ్రులు వంతులవారీగా పోయి రావచ్చును. భయపడి ఏడ్చు బిడ్డను ధైర్యము వచ్చునని బలవంతముగా ఎక్కించుట మాత్రము తగదు.

దినచర్య విషయమున కూడ చిన్నబిడ్డయే కొలత. తలుపులు తెరచు వేళకే చేరి, ఎండ ముదురకముందు పిల్లల రైడులు ముగింపవలెను. మధ్యాహ్నము నీడగల చోట భోజనము, బిడ్డకు ఒక గంట నిద్ర. సాయంకాలము మరల కొంత తిరిగి, అలసట ఏడుపుగా మారకముందే వెలికి రావలెను. ఆదివారము మాని పనిదినమున పోయినచో క్యూలు తగ్గును. బయటి భోజనమును చాల చోట్ల లోనికి రానీయరు; పసిబిడ్డల ఆహారమునకు సాధారణముగా అడ్డుచెప్పరు. ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు సంచిలో నుంచుకొనుట మేలు.

నీటి కొలనులవద్ద మరింత జాగ్రత్త వలయును. మునిగిపోవు పసిబిడ్డ కేకలు వేయడు, చేతు లాడింపడు. మోకాలిలోతు నీటిలో సయితము చప్పుడులేక మునుగును. కావలివారున్నారు గదా యని తల్లిదండ్రులు ఫోనులు చూచుచు కూర్చుండరాదు. పెద్దవారొకరు బిడ్డకు చేయిచాచినంత దూరములో నుండవలెను. ఈ కొలనులలో నూలుబట్టలును, చీరలును సాధారణముగా అనుమతింపరు. మన యిండ్లలోని అవ్వలు ఆ సంగతి అచ్చటికి పోయి తెలిసికొని చిన్నబుచ్చుకొనుచున్నారు. ముందే తెలిసినచో ఆ పూట వారికి తగిన ప్రదర్శనయో, చిన్న రైలుబండియో చూచి పెట్టవచ్చును. మనుమని వంతు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టు చోట వారు ఉండవలెను గాని సంచుల నడుమ కాదు.

మనవంటివారికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి కలదు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో పలుకుదురు. పొరుగు రాష్ట్రమునకు పోయిన బిడ్డ గుంపులో తప్పిపోయినచో ఏ భాషలో చెప్పుకొనును? హోసూరు బిడ్డ ఖొపోలిలో తప్పిపోయినచో దాని మాట అచ్చట ఎవరికి తెలియును? కావున తండ్రి ఫోను నంబరు వ్రాసిన చీటీ బిడ్డ జేబులో నుండవలెను. తప్పిపోయినచో ఎచ్చట కలిసికొనవలెనో లోనికి పోగానే చూపవలెను. ఇందుకు భిన్నముగా, షోలాపురపు బిడ్డ హైదరాబాదులో తిరిగినపుడు, తన యింటివారు మాత్రమే మాటాడుదురనుకొన్న భాషను బస్సువాడును, టీ అమ్మువాడును పలుకుట విని ఆశ్చర్యపడును. ఆ ఆశ్చర్యము ఏ రైడుకును తీసిపోదు. అట్టి యాత్రలో నొక పూట నగరములో బంధువుల యింట గడుపుట మరువరాదు.

చివరకు సొమ్ము. టిక్కెట్టు వెలయే ఖర్చు కాదు. రైలు, బస, తిండి, లోపలి ఆటవస్తువులు కలిసిననే ఖర్చు. రైలులో అయిదేండ్లలోపు బిడ్డకు టిక్కెట్టు లేదు గాని, అయిదు నుండి పన్నెండేండ్లలోపు వారికి ప్రత్యేకముగా బెర్తు కోరినచో 2016 నుండి పూర్తి ఛార్జీయే. 2024 నవంబరు నుండి రిజర్వేషను 60 దినములు ముందుగా మాత్రమే దొరకుచున్నది గనుక ఆ తేదీని గుర్తుంచుకొనవలెను. ఇంతయు లెక్కించి చూడగా అప్పు చేయవలసి వచ్చినచో, ఆ ఏడు మానుకొనుటకు సిగ్గుపడనక్కర లేదు. మూడేండ్ల బిడ్డకు ఊరి జాతరలోని రంగులరాట్నమునకును, వేల రూపాయల రైడునకును భేదము తెలియదు. అయిదారేండ్లు గడచి, గీత అందుకొన్న పిమ్మట, ఆ బిడ్డ తానే ఎన్నుకొని పోవచ్చును.

ఈ సెలవులలో బయలుదేరు కుటుంబములు రెండు మూడు కలిసి పోయినచో ఖర్చును తగ్గును, పిల్లలకు తోడును దొరకును, పెద్దలకు పరస్పర సహాయమును లభించును. ఏర్పాట్లు చేయునపుడు మాత్రము మొదటి మాట ఇంటిలోని చిన్నబిడ్డది, రెండవ మాట అవ్వది కావలెనని మా కోరిక. నడివయసువారు ఎట్లైనను సర్దుకొనగలరు.